మూకుడు పెట్టని ఏడాది

ప్రమీలమ్మ పోయి వారం కాలేదు, పెద్దకర్మ ఇంకా కానేలేదు. ఆత్మకూరులో ఆమె ఇంటి గుమ్మం ముందు చేపల పులుసు గిన్నెతో వచ్చి నిలబడ్డాడు నాగేంద్ర. మామిడికాయ వేసిన పులుసు వాసన ఇల్లంతా పాకింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన చుట్టాలు కూడా ఒకసారి ముక్కులెగబీల్చి, వెంటనే సిగ్గుపడి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

“అత్తా, అవ్వ పులుసు పంపించినాది” అని కేకేశాడు.

ప్రమీలమ్మ కూతురు గోపిక బయటికొచ్చింది.

“ఎవరబ్బా నీకు అత్త? మైల ఇంట్లోకి నీసు తెస్తావా? బుద్ధుండాదా నీకు?”

అప్పుడు చూశాడతను, గోడవారన దీపాన్నీ, ఫోటోకున్న దండనీ. చెరువు కింద కాలనీ అతనిది, ఆటో తోలతాడు. అవ్వను తీసుకుని ఉదయగిరి వైపు పెళ్లికి పోయి ఆ పొద్దునే దిగాడు, ఇద్దరికీ కబురు తెలియదు. ఏటా ఎండాకాలం చెరువు నీళ్లు తగ్గి చేపలు పడగానే అతని అవ్వ వెంగమ్మ పులుసు పంపేది. ప్రతి పండక్కీ ప్రమీలమ్మ వాళ్లకు పిండివంటలు పంపేది. నెల్లూరు హాస్టల్లో చదువుకున్న గోపికకు ఈ వాడుక తెలియదు. అతను గిన్నె పక్కనబెట్టి అరుగు మీద కూలబడి ఏడ్చాడు. తిట్టిన మనిషే మంచినీళ్లు తెచ్చివ్వాల్సి వచ్చింది.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండక్కి నూనె మూకుడు పెట్టరు. ఆ ఇంటికి పండగ బయటినుంచే రావాలి, ఎవరో ఒకరు వండి తేవాలి. మొదట్లో అందరూ తెస్తామన్నారు. వినాయక చవితి నాటికి ఎవరి పనులు వాళ్లవి. మనుషులంతే లెండి.

గోపిక దిగులు పండగ గురించి కాదు, నాయన గురించి. మస్తానయ్య భార్య పోయిన నాటినుంచి అన్నం కెలికి లేచిపోతున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. డాక్టరు మందులు రాసి, తిండి మాత్రం మీరే పెట్టుకోవాలన్నాడు. అమ్మ వెనకాలే నాయన కూడా పోతాడేమోనని ఆ పిల్లకు ఒకటే భయం.

చవితి మధ్యాహ్నం నాగేంద్ర క్యారియర్‌తో వచ్చాడు, కుడుములు. మస్తానయ్య ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని ఎవరు చేశారని అడిగాడు. వెంగమ్మ అని చెబితే, “ఆమెకు నేర్పింది మీ యమ్మే” అని కూతురితో అంటూ ఇంకోటి తీసుకున్నాడు. గోపిక వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

దసరాకు అలసంద వడలొచ్చాయి. కార్తీకం ముసురులో మిరియాల చారు వచ్చింది. ఆ కాలనీ ఇంటి తిండి మనం తినడమేందని బంధువులు గొణిగారు. మస్తానయ్య వినిపించుకోలేదు. డెలివరీ బాయ్‌వి, రేటింగ్ ఎంతివ్వాలని గోపిక ఏడిపిస్తే, మామ తిన్నన్ని ముద్దలకు ఒక్కో స్టార్ అన్నాడు. వానలో తడిసి వచ్చినవాడికి తువ్వాలిస్తూ, అతని చూపు తన మీదే ఉందని ఆమె కనిపెట్టింది. కనిపెట్టనట్టు ఉండటం ఆమెకు సరిగ్గా చేతకాలేదు.

శివరాత్రి నాడు అతను బయటపడ్డాడు. “నిన్ను చూడ్డానికి కూడా వస్తా ఉండా గోపికా.”

“మా నాయన నిలదొక్కుకునేదాకా నాకింకేం వద్దు. ఆ మాట క్యారియర్లో పెట్టుకుని రావాకు” అంది. ఆమె గుండె మాత్రం ఇంకేదో అంది. అతను తలూపి వెళ్లిపోయాడు.

ఉగాది నాడు మస్తానయ్య కంచం ముందు కూర్చుని వాకిలివైపు చూస్తూనే ఉన్నాడు. నాగేంద్ర రాలేదు, ఫోన్ స్విచాఫ్. అలిగాడు కాబోలని గోపికకు కోపమొచ్చింది. అతని మీద కొంత, తన నోటి మీద ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆటో స్టాండులో అడిగితే తెలిసింది, మొన్ననే వెంగమ్మ పోయిందని.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. పప్పు, చారు, అన్నం. క్యారియర్ సర్దుతుంటే మేనత్త రామలక్ష్మమ్మ అడ్డం నిలబడింది. మైల ఇంటి కూడు ఇంకో మైల ఇంటికి పోతే చావు వెంటబడి తిరిగొస్తుందని, ఈసారి మీ నాయనేనని హెచ్చరించింది. గోపిక చెయ్యి ఆగిపోయింది.

మస్తానయ్య మంచం దిగాడు. గోడ పట్టుకుని వచ్చి క్యారియర్ అందుకున్నాడు. “ఇన్నాళ్లూ ఆ ఇంటి కూడే నన్ను నిలబెట్టినాది. పోతే నేనే గదా పోయేది. పదమ్మా” అన్నాడు.

కాలనీలో నాగేంద్ర చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆకలి లేదన్నాడు. మస్తానయ్య రెండు కంచాలు పెట్టి, అతను ముద్ద పెట్టుకుంటేనే తానూ పెట్టుకుంటానని ఎదురుగా బాసింపట్టు వేసుకున్నాడు.

గోపిక వడ్డించింది. “మా యమ్మ సంవత్సరీకం దగ్గరికొచ్చినాది. తర్వాత మా ఇంట్లో మూకుడు పెడతా.”

“మా ఇంట్లో ఇంక ఏడాది పెట్టకూడదు గదా” అన్నాడు నాగేంద్ర.

“నేను తెస్తా. ప్రతి పండక్కీ.”

“ఏడాదైనాక?”

“మీ ఇంట్లో మూకుడు నేనే పెడతా. నాయన ముందరే చెప్తా ఉండా.”

మస్తానయ్య గరిట తీసుకుని నాగేంద్ర కంచంలో ఇంకొంచెం పప్పు వేశాడు. నాగేంద్ర అన్నం కలిపి ముద్ద పెట్టుకున్నాడు. ఏడుస్తూనే తిన్నాడు. అప్పుడు మస్తానయ్య కూడా తినడం మొదలుపెట్టాడు.