లైబ్రరీ గోడ మీది చీటీలు

మధ్యాహ్నం భోజనాల గంటకి బడి లైబ్రరీలో ఎవరూ ఉండరు. అందుకే రేడియోకి ఆ వేళంటే ఇష్టం. ఎవరూ లేని చోటే మంచి వార్తలు దొరుకుతాయని తన నమ్మకం.

రేడియో ఆరో తరగతి. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, బయట దాన్ని వాడేవాళ్ళు లేరు. ఎవరింట్లో పిల్లి ఈనింది, ఎవరికి లెక్కల్లో సున్నా వచ్చింది, ఏ టీచరు కొత్త చెప్పులు కొనుక్కుంది, అన్నీ ముందు తనకే తెలుస్తాయి. మరో పావుగంటకి తరగతంతటికీ తెలుస్తాయి.

ఆ రోజు అలమారా వెనక కూర్చుని బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే తలుపు కిర్రుమంది. రేడియో తల వంచి సందులోంచి చూసింది.

వచ్చింది నిచ్చెన. తరగతిలో అందరికన్నా పొడుగు పిల్ల కాబట్టి ఆ పేరు. నిచ్చెన అటూ ఇటూ చూసి, గోడకి అంటించిన తెల్ల కాగితం దగ్గరికి వెళ్ళింది.

ఆ కాగితం అక్కడ పెట్టి పది రోజులైంది. 'నిద్ర పట్టడం లేదా? ఊరికే ఏడుపొస్తోందా? బడికి రావాలంటే భయంగా ఉందా? పిల్లల మాట వినడానికి మేమున్నాం. ఫోన్ చెయ్యండి' అని దాని మీద రాసుంది. కింది అంచుని కత్తెరతో పది చీటీలుగా కత్తిరించారు. ఒక్కో చీటీ మీద చిన్న అక్షరాలతో అదే ఫోన్ నంబరు. కావలసినవాళ్ళు ఒకటి చింపుకుని తీసుకెళ్ళొచ్చు.

చర్రుమని చప్పుడైంది. నిచ్చెన చీటీని నాలుగు మడతలు పెట్టి, సాక్సులో దోపుకుని, గబగబా వెళ్ళిపోయింది.

రేడియో ఒక్క ఉదుటున లేచింది. కాగితం దగ్గరికెళ్ళి చీటీలు లెక్కపెట్టింది. తొమ్మిది ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి.

"ఇంకోటి ఎవరు చింపారబ్బా?" అనుకుంది. కడుపులో వార్త కుతకుతలాడింది.

భోజనాల గంట అయ్యేసరికి ఆ వార్త మొదటి బెంచీ నుంచి ఆఖరి బెంచీ దాకా పాకింది.

"నిచ్చెనకి బడికి రావాలంటే భయమట!"

"అంత పొడుగుంది, దానికి భయమేంటే?" అన్నారు ముందు బెంచీ కవలలు. "పైనుంచి కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయేమో!"

అందరూ పడీ పడీ నవ్వారు. నిచ్చెన బల్ల మీద తల పెట్టుకుంది. ఆఖరి గంట కొట్టేదాకా ఎత్తలేదు. అది చూసి రేడియోకి కాస్త ఎలాగో అనిపించింది. అంతలోనే కవలలు వీపు మీద చరిచి "భలే వార్త తెచ్చావే!" అనేసరికి, ఆ ఎలాగో అనిపించడం కాస్తా పోయింది.

రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో ప్రసారం మొదలైంది. నాన్న సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చాక ఎవరేం చెప్పినా ఊఁ కొడతాడు. అమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. విరిగిన కళ్ళజోళ్ళకి మరలు బిగించి బిగించి తన చూపుడు వేలు మీద చిన్న కాయ కాసింది. అక్క అదే బళ్ళో పదో తరగతి. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఇంకోటి కూడా ఎవరో చింపారు నాన్నా," అంది రేడియో. "ఎవరో రేపటికల్లా కనిపెట్టేస్తా, చూస్తూ ఉండు."

"మన రేడియోకి బ్యాటరీ అక్కర్లేదు," అని నాన్న నవ్వాడు.

"తప్పే, వాళ్ళ బాధేంటో ఏమో," అంది అమ్మ.

అక్క లేచి చెయ్యి కడుక్కుంది.

"అదేంటే, రెండు ముద్దలన్నా తినలేదు!"

"ఆకలి లేదమ్మా."

అక్కకి ఆకలి లేక నెల దాటింది. రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. ఆ వారం రెండు రోజులే బడికెళ్ళింది. డాక్టరుకి చూపించారు, రక్తం పరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అమ్మ మాత్రలు మార్చి మార్చి వేస్తూనే ఉంది. ఒకప్పుడు జడ వేసుకుంటూ కూనిరాగాలు తీసే అక్క, ఇప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటోంది.

ఆదివారం బట్టలు ఉతికే రోజు. బట్టలు మెషిన్లో వేసేముందు జేబులు తడమడం రేడియో పని. అమ్మ దుకాణంలో వేసుకునే కోటు జేబులో రెండు బుల్లి మరలు. నాన్న చొక్కాలో చిల్లర. అక్క స్కూలు స్కర్టు జేబులో నాలుగు కాగితం ముక్కలు.

చిన్న చిన్న ముక్కలు. ఒకదాని మీద రెండు అంకెలు, ఇంకోదాని మీద మూడు. రేడియో వాటిని నేల మీద పెట్టి, బొమ్మ పేర్చినట్టు పేర్చింది. పేర్చాక అలాగే కూర్చుండిపోయింది.

అది లైబ్రరీ గోడ మీది చీటీ.

ఎవరో రేపటికల్లా కనిపెట్టేస్తానంది కదా. కనిపెట్టింది.

ముక్కలు గుప్పిట్లో పెట్టుకుని అక్క గదిలోకి వెళ్ళింది. అక్క తల తిప్పి ఆ గుప్పిట చూసింది. విషయం అర్థమైపోయింది.

"దొరికిందిగా నీ రెండో దొంగ," అంది అక్క. గొంతులో కోపం కూడా లేదు. "వెళ్ళు. రేపు అందరికీ చెప్పు. ఎల్లుండి నేను బడికి రాకుండా ఉండడానికి ఇంకో కారణం దొరుకుతుంది."

"నేను చెప్పను అక్కా!"

"నువ్వు చెప్పకుండా ఉండలేవే. ఆ రాత్రి ఫోన్ చేద్దామనే అనుకున్నా. నువ్వు అన్నాల దగ్గర మొదలుపెట్టావు. చింపేశా."

రేడియోకి ఏడుపు ముంచుకొచ్చింది. మంచం అంచున కూర్చుని ముక్కు తుడుచుకుంది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అంతసేపు రేడియో మాట్లాడకుండా ఉండడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. అందుకేనేమో, అక్క తనంతట తనే మొదలుపెట్టింది.

"బడి గేటు కనిపించగానే గుండె దడదడలాడుతుంది. చేతులు మంచులా అయిపోతాయి. ఊపిరి అందదు. కడుపునొప్పి అబద్ధం కాదే. నిజంగానే మెలిపెడుతుంది. కానీ మందులకి తగ్గట్లేదు."

"అమ్మకి చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? రక్తం పరీక్షలో ఏమీ లేదని తేలిందిగా. నాటకాలనుకుంటే?"

రేడియో లేచి తలుపు దాకా వెళ్ళింది. 'అమ్మా!' అని కేక గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. వెనక్కి తిరిగింది.

"నేను చెప్పనా? నువ్వు చెప్తావా? వద్దంటే చెప్పను. కానీ అమ్మకి చెప్తేనే బాగుంటుంది అక్కా."

ఒక మాట చెప్పేముందు రేడియో ఎవరినైనా అడగడం అదే మొదటిసారి. అక్క తన వైపు వింతగా చూసింది.

"నేనే చెప్తా. నువ్వు పక్కన కూర్చో. నోరు మాత్రం విప్పకు."

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో కళ్ళజోడు తుడుస్తోంది. అక్క చీటీ ముక్కల్ని టేపుతో అతికించి అమ్మ ముందు పెట్టింది. చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆగిపోయింది. రేడియో పెదవులు బిగించి, అక్క చెయ్యి పట్టుకుంది. మూడోసారి అక్క మొత్తం చెప్పేసింది.

అమ్మ కళ్ళజోడు పక్కన పెట్టింది.

"ఇన్నాళ్ళూ కడుపు గురించే అడిగానే నిన్ను," అంది. "నీ గురించి అడగలేదు."

అంతే. అక్కని దగ్గరికి లాక్కుంది. అక్క అంత పెద్దదై కూడా అమ్మ భుజం మీద వెక్కి వెక్కి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని అమ్మ ఫోన్ తీసింది. నంబరు నొక్కుతూ నొక్కుతూ ఆగింది. చిరిగిన చోట ఒక అంకె సగమే ఉంది. మూడో ఎనిమిదో తెలియడం లేదు. ఆ కాస్త ముక్కా ఎక్కడో రాలిపోయింది. మూడు నొక్కితే ఎవరో పెద్దాయన ఎత్తి కసిరాడు. ఎనిమిది నొక్కితే ఆ నంబరే లేదంది.

"టీచరుని అడుగుదాం," అంది అమ్మ.

"వద్దమ్మా, బడిలో ఎవరికీ వద్దు," అక్క మొహం మళ్ళీ పాలిపోయింది.

"నేను తెస్తా," అంది రేడియో.

సోమవారం భోజనాల గంట. వాన పడుతుండడంతో ఆ రోజు లైబ్రరీ నిండా పిల్లలే. కవలలు తలుపు దగ్గరే చదరంగం ఆడుతున్నారు. మూల బల్ల దగ్గర నిచ్చెన ఒక్కతే పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

గోడ మీద ఎనిమిది చీటీలూ అలాగే ఉన్నాయి. వారం నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో రేడియోకి తెలుసు. నంబరు ఊరికే చూసి వచ్చేద్దామనుకుంది. కానీ చీటీలు చుట్టలు చుట్టుకుపోయాయి. ఒకటి వేళ్ళతో సాపు చెయ్యాల్సి వచ్చింది.

"ఓయ్, రేడియో!" అరిచారు కవలలు. "నీకూ భయమా ఏంటే?"

గదంతా ఇటు తిరిగింది. 'నాకు కాదు, మా అక్కకి' అనే మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఆ ఒక్క మాట అంటే చాలు, తను తప్పించుకోవచ్చు. అందరూ ఆ కొత్త వార్త వెంట పరిగెత్తుతారు.

రేడియో ఆ మాట మింగేసింది. చీటీని చర్రుమని చింపింది.

"నాకు చీటీ కావాలి. తీసుకున్నా. అందుకేగా ఇక్కడ పెట్టారు?"

కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత మామూలుగా చెప్పేస్తే ఇక ఆటపట్టించడానికి ఏం మిగలలేదు. ఒకడు ఏనుగుని జరిపాడు. ఇంకొకడు "ఒరేయ్, అది నా ఏనుగురా!" అన్నాడు. ఆట మళ్ళీ మొదలైంది.

రేడియో చీటీని పుస్తకంలో భద్రంగా పెట్టుకుని, నిచ్చెన దగ్గరికి వెళ్ళింది.

"నీ విషయం అందరికీ చెప్పి తప్పు చేశాను," అంది. "చాలా తప్పు."

నిచ్చెన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నా చీటీ ఆ రోజే మురిక్కాలవలో పడేశా."

"ఇంకా ఏడున్నాయి."

"నువ్వు చూస్తుండగా తీస్తానా?"

రేడియో పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

కొత్త చీటీలో చూస్తే ఆ సగం అంకె మూడూ కాదు, ఎనిమిదీ కాదు, తొమ్మిది. అమ్మ ఫోన్ చేసింది. అవతలివాళ్ళు చెప్పిన చోటు వెతుక్కుంటూ వెళ్తే, వాళ్ళు రోజూ దాటిపోయే ఆరోగ్య కేంద్రమే. దాని వెనకవైపు చిన్న గది, రెండు కుర్చీలు, రంగు పెన్సిళ్ళ డబ్బా. అక్కడ ఉన్న కౌన్సెలర్ ఆంటీకి కళ్ళజోడు ముక్కు మీంచి మాటిమాటికీ జారుతోంది. అమ్మ ఉండబట్టలేకపోయింది. "ఒక్కసారి ఇలా ఇవ్వండి," అని సంచీలోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి రెండు మరలూ బిగించి ఇచ్చింది. లోపలికొచ్చినప్పటి నుంచీ బిగుసుకుని కూర్చున్న అక్క ఫక్కున నవ్వింది.

"నాటకం కాదు, ఏమీ కాదు," అంది ఆంటీ అక్కతో. "భయమేస్తే ఒళ్ళు అలాగే చేస్తుంది. ఇది ఒక్క రోజులో పోదు. వారం వారం వస్తూ ఉండు. చూద్దాం."

తర్వాత అక్క ఒక్కతే లోపల ఉంది. రేడియో, అమ్మ బయట బెంచీ మీద కూర్చున్నారు. ముప్పావుగంట. తలుపు తెరుచుకుంది. 'ఏం అడిగింది? నువ్వేం చెప్పావు?' ప్రశ్నలు రేడియో నోటి నిండా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఆకలేస్తోంది," అంది అక్క.

నాలుగు వారాలు గడిచాయి. అక్కకి కడుపునొప్పి పూర్తిగా పోలేదు. కానీ వారానికి నాలుగు రోజులు బడికి వస్తోంది. గేటు దగ్గర ఆగి, ఆంటీ నేర్పినట్టు మెల్లగా ఊపిరి తీసుకుంటుంది. రేడియో పక్కనే నిలబడి, ఏదో వెతుకుతున్నట్టు సంచీ సర్దుకుంటుంది.

ఒక మధ్యాహ్నం రేడియో లైబ్రరీలో అలమారా వెనక కూర్చుని ఉంది. తలుపు కిర్రుమంది. అలమారా కింది సందులోంచి పొడుగాటి రెండు కాళ్ళు కనిపించాయి. అవి లోపలికొచ్చి, ఆగి, మళ్ళీ తలుపువైపు తిరిగాయి.

రేడియో అలమారా వెనక నుంచి బయటికొచ్చింది. నిచ్చెన ఉలిక్కిపడింది. రేడియో కిటికీ దాకా నడిచి, కాగితం ఉన్న గోడవైపు వీపు చేసి కింద కూర్చుని, శుభ్రంగా కట్టి ఉన్న కుడి బూటు లేసు విప్పింది. మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. చాలా నెమ్మదిగా.

వెనకాల చర్రుమని చప్పుడైంది.

రేడియో తల తిప్పలేదు. అడుగుల చప్పుడు వరండా దాటేదాకా లేసు కడుతూనే ఉంది. లేచాక చీటీలు లెక్కపెట్టనూ లేదు.

తరగతిలోకి రాగానే కవలలు అడ్డం వచ్చారు. "ఏమే రేడియో, లైబ్రరీ నుంచేగా? ఇవాళ వార్తలేంటి?"

మూల బెంచీలో నిచ్చెన ఊపిరి బిగబట్టి ఇటే చూస్తోంది.

"నా కుడి బూటు లేసు ఊడింది," అంది రేడియో తన చోట్లో కూర్చుంటూ. "మళ్ళీ కట్టుకున్నా. వార్తలు సమాప్తం."