నాలుగు గంటల దూరం

"పిన్నీ, అమ్మ నిన్నే అడుగుతోంది. ఇంక రోజులు లేవన్నారు డాక్టర్లు" అని అక్క కూతురు ఫోనులో చెప్పగానే, బట్టలు కుట్టే చెల్లెలు చిట్టి చేతిలో కత్తెర ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళు! తోడబుట్టినదానితో మాటాపలుకూ లేకుండా తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చిన మొండిఘటం ఆవిడ. అంత పంతం ఎందుకంటారా... అమ్మ పోయిన రోజే కారణం. తాతల నాడే వలసొచ్చిన ఈ పడమటి దేశంలో చిట్టి అమ్మతో ఉండిపోతే, అక్క పెళ్ళయి ఎక్కడో తూర్పున వేరే దేశం వెళ్ళిపోయింది. ఆ ఉదయం ఎనిమిదింటికి అక్క ఫోన్ చేసి, "విమానం ఎక్కానే చిట్టీ, అమ్మకు చెప్పు" అంది. అంతకుముందు అక్క వచ్చినప్పటి టికెట్టు అద్దం వెనక ఉండనే ఉంది. ఎక్కడం సాయంత్రం ఆరింటికి, దిగడం రాత్రి పదింటికి. అంటే నాలుగు గంటలు. "మధ్యాహ్నానికల్లా నీ పెద్దకూతురు వచ్చేస్తుందమ్మా" అని తల్లి చెవిలో చెప్పింది చిట్టి. ఆ పిచ్చితల్లి గుమ్మం వైపు తిప్పిన కళ్ళు మళ్ళీ మరల్చలేదు. వీధిలో ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా పెదవులు కదిపింది. సాయంత్రం అయిదింటికి అలా చూస్తూ చూస్తూనే పోయింది. అక్క వచ్చేసరికి రాత్రి పది! "నాలుగు గంటల ప్రయాణానికి పద్నాలుగు గంటలా? ఎక్కడ షికార్లు చేసొచ్చావు?" అని నలుగురిలో కడిగిపారేస్తే, అక్క తలవంచుకుని, "నాదే తప్పే" అంది. అంతే.

టికెట్లు అమ్మే ఆఫీసులో బట్టతల పెద్దాయన కాగితం చేతికిచ్చాడు. "రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కితే, ఎల్లుండి పొద్దున్న తొమ్మిదింటికి దిగుతారమ్మా."

"రోజంతానా? మా అక్క నాలుగు గంటల్లో వచ్చేది కదండీ."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని నవ్వాడు. "పన్నెండు వేల కిలోమీటర్లమ్మా. అటయినా ఇటయినా గాల్లో పద్నాలుగు గంటలే. ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. వాళ్ళ గడియారం మనకంటే పది గంటలు ముందుంటుంది."

ఆ రోజు పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి పది... చిట్టి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. సరిగ్గా పద్నాలుగు. అక్క దారిలో ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఊళ్ళో వాళ్ళ భుజాలూ నడుములూ అంగుళం తేడా రాకుండా కొలిచే మనిషికి సొంత అక్క దూరం కొలవడం రాలేదు. బయట బల్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. అక్క కూతురు ఫోను తల్లి చెవికి ఆనించింది.

"అక్కా, ఆ రోజే చెప్పొచ్చు కదా... ఒక్క మాట."

అక్క గొంతు పీలగా వచ్చింది. "చెబితే, అమ్మకు లేని ఆశ పెట్టింది నువ్వేనని తెలిసిపోయేది నీకు. అది తలుచుకుని కుళ్ళి చచ్చేదానివి. నన్ను తిట్టుకుంటూ అయినా ఇంత అన్నం తింటావులే అనుకున్నా."

చిట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఎల్లుండి పొద్దున్నకి నీ దగ్గరుంటాను. ఉంటావుగా అక్కా?"

"మాట ఇవ్వలేనే... కానీ గుమ్మం వైపు మాత్రం చూడను. దారిలోనే ఉన్నావనుకుని కళ్ళు మూసుకుంటా."

ఆ పద్నాలుగు గంటలూ చిట్టి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దిగి బయటికొచ్చేసరికి అక్క కూతురు ఒక్కతే నిలబడి ఉంది, కళ్ళు వాచిపోయి.

చిట్టి అడిగింది ఒక్కటే. "గుమ్మం వైపు చూసిందా?"

"లేదు పిన్నీ. గోడ వైపు తిరిగి పడుకుంది. నువ్వు రాగానే ముందు అన్నం పెట్టమంది."