ప్రొఫెసర్ పేరుకు మరణశిక్ష

“ప్రొఫెసర్ని బతకనివ్వు. ఆయన పేరును చంపెయ్,” అన్నాడు చీఫ్ ఫోన్లో.

ఏజెంట్ శశికళ ఫోన్ కట్ చేసింది. మహదేవపురలోని ప్రొఫెసర్ ఫ్లాట్ బెల్ కొట్టింది. ఒంటిమీద కొరియర్ యూనిఫాం, చెవిలో పెసరగింజంత ఇయర్‌పీస్.

ప్రొఫెసర్ రామాంజినప్ప ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లో పరమాణువులను పేర్చి, కూల్చి, చివరికి ఉప్పులోని సోడియంతో నడిచే చవక బ్యాటరీకి కావలసిన పదార్థం కనిపెట్టాడు. పోయిన నెలే దానిమీద పరిశోధన పేపర్ ప్రచురించాడు. తయారుచేసే ఫార్ములా మాత్రం దాచుకున్నాడు.

దాన్నే ఆయన తోటి సైంటిస్ట్ నళిని కొట్టేసింది. నళిని అందగత్తె. ప్రొఫెసర్‌ను కాపాడమని, సైంటిస్ట్ వేషంలో గూఢచారి డిపార్ట్‌మెంటే పంపిన ఏజెంట్. ఇప్పుడు సర్జాపుర విల్లాలో, తన ఫోన్లో ఉన్న ఫార్ములాను విదేశీ ముఠాకు అమ్ముతోంది. దాడి చేస్తే ఒక్క బటన్‌తో అది దేశం దాటుతుంది. అందుకే కొనేవాడే వద్దనాలి.

శశికళ చెప్పిందంతా విని ప్రొఫెసర్ తన పేపర్ తీసి ఆమె ముందు పెట్టాడు.

“లెక్క సరిగ్గానే ఉండాది కదమ్మా. దొంగలెక్కని నా చేత్తో నేనే రాయల్లా?”

“రాయండి సార్. పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాయండి.”

“నా స్టూడెంట్లు దీన్ని నమ్ముకునే థీసిస్‌లు రాసినారు. వాళ్ల గతేమి?”

మూడు నెలల్లో డిపార్ట్‌మెంటే నిజం ప్రకటిస్తుందని శశికళ మాటిచ్చింది. అలాంటి ఉద్దేశం ఎవరికీ లేదని ఆమెకు తెలుసు.

ఆయన టైప్ చేసి, పేపర్ అచ్చువేసిన పత్రికకు పంపాడు. పద్ధతి ప్రకారం పేపర్లో పేరున్న వాళ్లందరికీ మెయిల్ వెళ్లింది. ఆ పేపర్లో తన పేరు ఉండాల్సిందేనని పోట్లాడిన నళినికి కూడా.

విల్లాలో అప్పటికే ఆమె ఫోన్, ఫార్ములా కొనేవాడి చేతిలో ఉంది. ఫార్ములా కాపీ చేయబోయిన వేలు, తెరమీద పడిన మెయిల్ చూసి ఆగింది.

“మీ ప్రొఫెసరే దొంగలెక్క అంటున్నాడే,” అన్నాడతను ఎంతో మర్యాదగా. నళిని హ్యాండ్‌బ్యాగులో డిపార్ట్‌మెంట్ రహస్యంగా కుట్టిన మైక్ ఆ మాటను శశికళ చెవిలో వేసింది.

నళిని నవ్వుతూ ఏదో చెప్పబోయింది. అతని తూటా ఆమెను ముగించనివ్వలేదు. మరుక్షణం బయట కాచుకున్న కమాండోలు తలుపులు బద్దలుకొట్టి ముఠాను, ఫోన్‌ను పట్టుకున్నారు.

మూడు నెలలు గడిచాయి. చందాపురలో ఒక ట్యూషన్ సెంటర్ రామాంజినప్పకు లెక్కలు చెప్పే పని ఇచ్చింది, బోర్డు మీద ఆయన పేరు వేయకూడదన్న షరతు మీద. అక్కడి నుంచి ఫోన్ చేశాడు.

“నిజం ఎప్పుడు చెప్తారమ్మా?”

శశికళ చీఫ్‌ను అడిగింది.

“నిద్రపోయే శత్రువును లేపుతామా? ఫార్ములా భద్రంగా ఉందిగా,” అన్నాడు చీఫ్.

నిజమే. ఎంత భద్రంగా ఉందంటే, ఊరికే ఇస్తామన్నా ఇప్పుడు తీసుకునేవాడు లేడు.