ఆవిరిగదిలో అరుపు

పిర్కో మీద కాలెవికి ఉన్న కోపం ఇవాళ్టిది కాదు. భార్య ఐలాకు అక్క కదా అని ఏళ్ళ తరబడి పళ్ళు బిగపట్టుకున్నాడు. ఒంటి రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే లూపస్ జబ్బు ఐలాకు ఉందని తేలినప్పుడు, ఆ మాటకు లాటిన్‌లో తోడేలని అర్థమని ఎక్కడో విని వచ్చి, జబ్బుకు ఆ పేరు తగిలించింది ఆవిడే. అప్పటినుంచి ఐలాకు వేళ్ళు బిగుసుకుంటే తోడేలు, జ్వరమొస్తే తోడేలు, చేపల పులుసు మాడినా తోడేలే.

ఆ శనివారం పొద్దున కాలెవి సానాకు, అంటే పెరట్లోని ఆవిరిస్నానాల గదికి, కట్టెలు చీలుస్తుంటే ఏలకుల బన్నుల బుట్టతో పిర్కో కారు దిగింది.

"ఇంకా ఆ మొద్దు గొడ్డలేనా, కాలెవీ?"

"నీ నాలుక తెచ్చావుగా, దాంతో చీలుద్దాం."

వరండా నీడలో కూర్చున్న ఐలా నవ్వింది. ఎండ ఆమెకు పడదు. మెడకు రుమాలు చుట్టుకుని ఉంది.

"జూలై ఎండల్లో రుమాలేమిటే?" అన్నాడు కాలెవి.

"తోడేలుకు చలేస్తోందిట," అని పిర్కోయే జవాబు చెప్పేసింది.

సాయంత్రం ముందుగా స్నానం ముగించి పిర్కో బయట మెట్టు మీద కూర్చుంది. మొగుడూ పెళ్ళాలు లోపలికి వెళ్ళారు. ఐలా వేళ్ళు వంగవు, అందుకని వీపు రుద్దేది ఎప్పుడూ కాలెవే. ఎప్పుడూ భుజాల దగ్గరే ఆగే అతని చెయ్యి ఆ రోజు మెడ దాకా వెళ్ళి, చెవి కింద ఆగిపోయింది. బాదం గింజంత గడ్డ. గట్టిగా ఉంది.

"ఏమిటిది?"

"తోడేలే."

"ఎప్పట్నుంచి?"

"మే నెల నుంచి. నొప్పేం లేదు. గ్రంథులు వాయడం నీకు మామూలేగా అంది అక్క."

కాలెవికి ఒళ్ళు మండింది. వసంతంలో డాక్టరమ్మ ముగ్గురి ముందే చెప్పింది: లూపస్ ఉన్నవాళ్ళకు లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువ, కొత్త గడ్డ తగ్గకపోతే వెంటనే రండి అని. బెదిరించడం వాళ్ళ ఉద్యోగమని పిర్కో దారంతా వెక్కిరిస్తూనే వచ్చింది.

సానాలో గొంతు పెంచకూడదు. తాతల కాలం నుంచీ ఆ ఇంట్లో తగువులన్నీ చెప్పులతో పాటు గుమ్మం బయటే. కాలెవి ఆ రోజు అరిచాడు.

"మీ ఇద్దరికీ బుద్ధుందా!"

తువ్వాలు చుట్టుకుని పిర్కో తలుపు తోసుకొచ్చింది. "సానాలో అరుస్తావా? చర్చిలో అరిచినట్టు!"

"అరుస్తాను! నువ్వేం డాక్టరువా? దీన్ని చంపుకుంటావా?"

"అక్కా, తలుపు మూయి, వేడంతా పోతోంది," అంది ఐలా. తర్వాత నెమ్మదిగా అంది, "అక్కను అనకు. తను అన్నంత మాత్రాన నేను నమ్మలేదు. నమ్మినట్టు ఉండిపోయాను. తోడేలుతో కాపురం అలవాటైపోయింది, కాలెవీ. ఇంకోదాన్ని ఇంట్లోకి రానిచ్చే ఓపిక నాకు లేదు."

పిర్కో కింది బల్ల మీద కూలబడి ఏడ్చింది. "నా వేలికి తగిలిన రోజే డాక్టరమ్మ మాట గుర్తొచ్చిందే," అంది. "ఏదో ఒకటి అనాలిగా. తెలిసిన పేరు అన్నాను."

ఆవిడ ఏడవడం కాలెవి ఎన్నడూ చూడలేదు. మిగిలిన తిట్లు పక్కన పెట్టాడు.

"సోమవారం పొద్దున్నే వెళ్తున్నాం," అన్నాడు. "ముగ్గురం. డాక్టరు చెప్పేది ఈసారి నువ్వు నోరు మూసుకుని వినాలి."

"వింటాను," అంది పిర్కో.

ఐలా అతని సబ్బుచెయ్యి పట్టుకుని, తనే తీసుకెళ్ళి ఆ గడ్డ మీద పెట్టుకుంది.

"ఉంచు," అంది. "ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే తడుముకున్నాను."