ఏడో బండి క్యూ

అంబులెన్స్ ఆఫీసులో ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు. నిజంగా ఆ పిలుపుకు హక్కున్న తమ్ముడు, ఏడో బండి డ్రైవరు, వారం కిందట వరదలో కొట్టుకుపోయాడు. బండీ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

కంప్యూటరు ప్రోగ్రాముల నడుమ మధ్యవర్తిత్వం ఆమె పని. ఫోన్లు అందుకునే ప్రోగ్రాముది పాత భాష, డ్రైవర్ల సెల్లుల్లో ఉన్నదానిది కొత్త భాష. ఒకరి మాట ఒకరికి ఎక్కదు. అందుకే నడుమ పెళ్లిళ్ల పేరయ్యలా బండికో క్యూ, అంటే కబుర్ల వరస. కబురు అందులో పడుతుంది. బండి నుంచి ‘అందింది’ అని జవాబొస్తేనే చెరుగుతుంది, లేకపోతే అక్కడే ఉంటుంది.

ఏడో బండి క్యూ తీసేయడానికి ఆమెకు చేతులు రాలేదు. అదే కొంప ముంచింది. పాత ప్రోగ్రాము ఆ బండి ఇంకా తిరుగుతోందనుకుంది.

“లేని బండికి కేసులు పోతున్నాయమ్మా,” అన్నాడు మేనేజరు ఫోనులో, గొంతు తగ్గించి. “అవతల ప్రాణాలు. ఇప్పుడే తీసెయ్.”

బయట ముసురు. అద్దాలకు చీకటి పట్టింది. గదిలో తడి మట్టి వాసన, ఫ్యాను కిర్రుమనే చప్పుడు. ఆమె క్యూ తెరిచింది. కేసులన్నీ అక్కడే పోగుపడి ఉండాలి.

ఒక్కటీ లేదు. ప్రతిదానికీ జవాబుంది. అందింది. అందింది. అందింది...

ఆమె అదే క్యూలో రాసింది: ‘ఎక్కడున్నావురా?’

అందింది.

ఆ సెల్లు చెప్పగలిగింది ఆ ఒక్క మాటే.

‘బతికే ఉన్నావా?’

జవాబు రాలేదు. కబురు అలాగే ఉండిపోయింది. దాని వెనకే కొత్త కేసొకటి వచ్చి పడింది... ఊపిరాడని పసిబిడ్డ. ఆమె దాన్ని వేరే బండికి మళ్లించి, ఏడుస్తూ క్యూని చెరిపేసింది.

వెంటనే ఫోను మోగింది.

“మీ ఏడో బండి మధ్యాహ్నం మా నాన్నను ఎక్కించుకుందండీ. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు?”

“మీ నాన్నగారితో మాట్లాడారా?” అంది ఆమె.

“నాన్న ఇప్పుడు నా ఇంకో ఫోన్లో మాట్లాడుతున్నారు. బండి ఆగకుండా పోతూనే ఉందట. అక్క దారి చెబుతుందని డ్రైవరు సెల్లు చూసుకుంటున్నాడట...”

ఆమె ఆదరాబాదరా క్యూని మళ్లీ తయారుచేసింది. ‘వెనక్కి రారా’ అని పంపింది. పాత క్యూతో పాటే ఆ సెల్లుతో లంకె తెగిపోయింది, ఈ కబురును తీసుకునేవాళ్లు లేరు. అది అక్కడే పడి ఉంది.

“హమ్మయ్య,” అన్నాడు అవతలి మనిషి. “ఆగిందట. చుట్టూ నీళ్ల చప్పుడట. బయటి నుంచి ఎవరో తలుపు తీస్తున్నారట.”