తాతయ్య గ్లౌజులో కత్తెరగారి గొంతు

కాలేజీ డిజైన్ స్టూడియోలో బల్ల మీదున్న నీలం ఊలు గ్లౌజుని అతను కత్తెరతో సగానికి కోసేశాక, వెనకనుంచి కేక వినిపించింది.

"ఏయ్! అది మా తాతయ్యది!"

"స్క్రాప్ బల్ల మీదుంది కదా?"

"ఆరబెట్టాను! తడి తెలియట్లేదా? స్క్రాప్‌ని ఎవరైనా ఉతుకుతారా?"

"నేను వేరే సెక్షన్ నుంచి ఇవాళే వచ్చాను. ఇక్కడ ఉతుకుతారేమో అనుకున్నా."

ఆమె ముక్కు కొస ఎర్రబడింది. అతను సారీ చెప్పడం మర్చిపోయి ఆ ముక్కుకేసి చూస్తూ నిలబడ్డాడు.

ప్రొఫెసర్‌గారు వచ్చి రెండు ముక్కలనీ ఎత్తి చూశారు. "కోసినవాడివి నువ్వే కుట్టు. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు మీ ఇద్దరికీ కలిపి ఇస్తున్నాను."

ఆ రోజునుంచి అతని పేరు కత్తెర.

ఆమె తాతయ్య నలభై ఏళ్ళు బ్యాండులో క్లారినెట్ వాయించిన మనిషి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. పలక చేతికిస్తే బోర్లించి పక్కన పెట్టేసేవారు. అందుకని ఆమె ఆ గ్లౌజునే మాట్లాడే గ్లౌజుగా మార్చాలనుకుంది. బొటనవేలు చూపుడువేలికి తగిలితే "నీళ్ళు", మధ్యవేలికి తగిలితే "ఫ్యాను", ఉంగరంవేలికి "వద్దు", చిటికెనవేలికి "సరే". మగగొంతు కావాలి కాబట్టి మాటలన్నీ కత్తెర రికార్డు చేశాడు. కుట్టుపని అతనిది. వైర్లు ఇద్దరివీ.

పేచీ అంతా వైర్ల దగ్గరే. స్టూడియోకి వచ్చి తొడిగి చూసినప్పుడు తాతయ్య నీళ్ళు అడిగితే గ్లౌజు "ఫ్యాను" అనేది. ఆయన దాహంతో చలికి వణుకుతూ కూర్చునేవారు.

"మళ్ళీ తప్పు కలిపావా? ఎర్రది ఎర్రదానికే కదా! నీకు కళ్ళున్నాయా?"

"ఉన్నాయి మేడమ్. అవి వేరే ఎరుపు చూస్తున్నాయి."

"ఏంటీ?"

"ఏం లేదు. విప్పుతున్నా."

సెమిస్టర్ చివరి రివ్యూలో తాతయ్య ఎవరి సాయమూ లేకుండా గ్లౌజుతోనే జవాబులు చెప్పాలని ప్రొఫెసర్‌గారి షరతు. లేదంటే ఇద్దరూ ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. కత్తెర బెంగ అది కాదు. రివ్యూ బాగా అయిపోతే ఆమె పక్కన కూర్చోవడానికి ఇక వంక ఉండదు. ఈలోగా చెప్పెయ్యాలి. చెబుదామంటే నోరు పెగలదు.

ఒక మధ్యాహ్నం వాన. స్టూడియోలో ఎవరూ లేరు. తన మాట ఎలా ఉంటుందో విందామని గ్లౌజు మైకులోనే రిహార్సల్ వేశాడు. అది వెళ్ళి ఐదో మాటగా కూర్చుంది. అది పలకాలంటే మధ్య రెండు వేళ్ళూ నిటారుగా నిలబెట్టి, చూపుడువేలూ చిటికెనవేలూ ఒకేసారి బొటనవేలికి తాకించాలి. ప్రయత్నించాడు. వేళ్ళు మెలిపడి నొప్పెట్టాయి. మనిషన్నవాడికి ఇది సాధ్యం కాదు, తర్వాత చెరుపుదాంలే అని నిశ్చింతగా వదిలేశాడు.

క్లారినెట్ సంగతి అతనికి గుర్తు రాలేదు.

గ్లౌజు ఇంటికి వెళ్ళిన మర్నాటినుంచి తాతయ్య దాన్ని తొడుక్కుని ఒంటరిగా బాల్కనీలోకి వెళ్ళేవారు. నవ్వుకుంటూ లోపలికి వచ్చేవారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వుతున్నారు కదా అని మనవరాలు ఏమీ అడగలేదు.

రివ్యూ రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ అడిగారు. "నీళ్ళు కావాలాండీ?"

"వద్దు," అంది గ్లౌజు, కత్తెర గొంతుతో.

"ఫొటో తీసుకోవచ్చా?"

"సరే."

ప్రొఫెసర్‌గారు తల ఊపారు. మేడమ్ చివరి ప్రశ్న వేశారు. "ఈ గ్లౌజులో మీకు బాగా నచ్చిన మాటేంటండీ?"

తాతయ్య కత్తెరవైపు చూశారు. మనవరాలివైపు చూశారు. ఆయన వేళ్ళు పాత పాటేదో గుర్తొచ్చినట్టు తేలిగ్గా వంగాయి. గ్లౌజు కత్తెర గొంతుతో అందుకుంది.

"ఇదిగో మేడమ్... కాదు, మేడమ్ అనకూడదు. ఇదిగో... నీకు కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. అది చూడ్డానికే రోజూ వైర్లు తప్పు కలుపుతున్నా. నువ్వంటే నాకిష్టం... ఛ, బాలేదు. ముక్కుతో మొదలుపెట్టకూడదు. మళ్ళీ మొదట్నుంచి."

కత్తెర బల్లకింద దూరడానికి చోటుందేమోనని చూశాడు. అక్కడ బ్యాటరీ పెట్టె ఉంది.

"ఈ కమాండ్ మీ రిపోర్టులో లేదే?" అన్నారు ఎగ్జామినర్ మేడమ్.

మనవరాలి ముక్కు దానిమ్మగింజలా ఉంది. "అంటే ఇన్ని వారాలూ కావాలనే తప్పు కలిపావా?"

"రోజూ కాదు," అన్నాడు కత్తెర నీరసంగా. "మంగళవారాలు నిజంగానే తప్పు."

"తాతయ్య చలికి వణికారు!"

"ఆయనకి శాలువా కప్పింది నేనే కదా."

ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. తాతయ్య దగ్గరికి వెళ్ళి, ఆయన చేతినుంచి గ్లౌజు మెల్లగా లాగి తను తొడుక్కుంది. ఆమె వేళ్ళకి అది వదులు. బొటనవేలు ఉంగరంవేలి దగ్గర ఒక్క క్షణం తటపటాయించినట్టు అనిపించి కత్తెర కళ్ళు మూసుకున్నాడు.

"సరే," అని వినిపించింది, అచ్చం అతని గొంతుతోనే.

కత్తెర ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు. తాతయ్య తొందరపడకుండా గ్లౌజు వెనక్కి తీసుకుని తొడుక్కుని, ఒక చేత్తో అతన్ని చూపిస్తూ గ్లౌజు చేతి బొటనవేలిని చూపుడువేలికి తాకించారు.

"నీళ్ళు."

ఎగ్జామినర్ మేడమే లేచి తన బాటిల్ అందించారు. మార్కులెన్ని వచ్చాయో ఇద్దరూ సాయంత్రం దాకా చూసుకోనేలేదు. ఇంటికెళ్ళేదాకా గ్లౌజు మాట్లాడుతూనే ఉంది. ఉంగరంవేలిని మాత్రం ఆ రోజు ఇక ఎవరూ ముట్టుకోలేదు.