కొలువుగోడ మీది చేయి

మేడిగిరి దుర్గం చుట్టూ వెలుగోన రాజు సేనలు గుడారాలు వేసి నాటికి రెండు మాసాలు. కొండ దిగువ మామిడితోపులన్నీ నరికి పొయ్యిలలో పెట్టుకొన్నారు. చిట్టేటి మడుగులలో ఏనుగులను దించారు. పగలంతా భేరీల మోత, రాత్రంతా నెగళ్ళ వెలుగు. అయినా ఆ కోట చలించలేదు. పడమటి వాకిట దండనాయకుడు కాచమ నాయకుడు నిలిచి ఉన్నంత కాలం శత్రువు ఆ గడప తొక్కలేడని కోటలోని పసిబిడ్డలకు సైతం తెలుసు. తెలియవలసిన ఒక్కడికి, ఏలిక కేతరాజుకు మాత్రం, ఆ సంగతి ఒకరోజు ఆలస్యంగా తెలిసింది. ఆ ఒక్కరోజుకే నా కడుపు నేటికీ మండుతుంది.

మేడిగిరిలో తరతరాల ఆచారం ఒకటుండేది. కొలువులో ముఖ్యమైనది ఏది జరిగినా ఆస్థాన చిత్రకారుడు దగ్గర కూర్చుండి కళ్ళారా చూసి, పొద్దు గుంకేలోగా దానిని సభామంటపం గోడ మీద చిత్రించాలి. మెత్తగా నూరిన సున్నం గోడకు పూసి, అది పచ్చిగా ఉండగానే ఎర్రని జేగురుమట్టితో గీత గీసి, రంగులు నింపి, చివరకు దీపపుమసితో అంచులు దిద్దాలి. సున్నం ఆరుతూ ఆరుతూ రంగును తనలోకి పీల్చుకొంటుంది. ఇక కడిగినా పోదు, గీకితే గోడతోనే రావాలి. అందుకే ఆ రాజ్యంలో రాతిశాసనం కన్నా కొలువుగోడకే విలువ ఎక్కువ. గోడను చూసి రాజులు తీర్పులు చెప్పేవారు.

ఆనాటి చిత్రకారుడు మాచోజు. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో భుజం మొదలు వేలికొన దాకా చేయెత్తకుండా ఒకే గీత లాగేవాడు. ఆ గీత ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ వెంట్రుకంత సన్నగిల్లాలో అతని మణికట్టుకే తెలుసు. ముఖాల కంటె చేతుల మీదనే అతనికి మక్కువ. మనిషి ముఖాన్ని దాచుకోగలడు గాని చేతిని దాచుకోలేడని అనేవాడు.

కేతరాజు జ్వరంతో మంచం పట్టి ఉన్న రోజున వెలుగోన దూత సంధి మాటలకు వచ్చాడు. రాజు ఆనతిపై మంటపంలో కూర్చున్నవారు కాచమ నాయకుడు, మహామంత్రి విద్దనామాత్యుడు. ఆచారం కొద్దీ గోడ దగ్గర మాచోజు. దూత వెండిపళ్ళెంలో తాంబూలం పెట్టి నాయకుడి ముందుకు చాపాడు.

"నాయకా, ఈ తాంబూలం అందుకో. పడమటి వాకిలి తెరిస్తే మేడిగిరి నీదే."

కాచమ నాయకుడు అరచేయి తిప్పి, చేతి వెనుకవైపుతో ఆ పళ్ళేన్ని పక్కకు నెట్టాడు. "దూతను చంపరాదు గనుక బ్రతికిపోతున్నావు. లే!" అని వెళ్ళిపోయాడు.

అదే తాంబూలాన్ని ఆ సాయంకాలమే విద్దనామాత్యుడు తన యింట గుట్టుగా అందుకొన్నాడు. అప్పటికి మాచోజు గోడ మీద నాయకుడి తిప్పిన చేయి, ఉంగరంతో సహా, ఆరిపోయి ఉంది.

మరునాడు మంత్రి మాచోజును తన యింటికి పిలిపించాడు. లోపలి వాకిట మాచోజు భార్య అక్కసాని భటుల నడుమ నిలబడి ఉంది.

"మాచోజూ, నీ యిల్లాలు కొన్నాళ్ళు మా యింట అతిథి. నాయకుడి చేయి తాంబూలం అందుకొన్నట్లు దిద్దు. పెదవి విప్పావో, అతిథికి మర్యాద జరగదు."

ఏం చేయగలడు పాపం! మాచోజు గోడ దగ్గరకు వెళ్ళాడు. ఆరిన సున్నం రంగును పీల్చదు. తుమ్మబంక కలిపి పైపైన అంటించవలసిందే. అది తడి తగిలితే నిలవదు. ఆ మర్మం మంత్రికి తెలియదు, రాజుకూ తెలియదు. ఆ గోడ పడమటి జల్లుకు ఎదురుగా ఉంది. రేపో మాపో తొలకరి రావలసిన రోజులు. వాన వస్తుంది, రంగు కరుగుతుంది, అడగకుండానే నిజం బయటపడుతుందని ఆ అమాయకుడు ఆశపడ్డాడు. పాత చేతిపై బంక కలిపిన సున్నం పూసి, దాని మీద తాంబూలం పట్టిన కొత్త చేతిని గీశాడు. అదీ అందంగానే వచ్చింది; చెడగొట్టి గీయడం అతనికి చేతకాలేదు.

జ్వరం తగ్గిన రాజు కొలువుతీరాడు. విద్దనామాత్యుడు గోడను చూపించాడు. కేతరాజు నాయకుణ్ణి పిలిపించాడు.

"కాచమా, నిన్ను తోడబుట్టినవాడిగా చూసుకొన్నాము. ఈ గోడకు నీవు చెప్పే సమాధానమేమిటి?"

నాయకుడు గోడ దగ్గరకు వెళ్ళి ఆ చేతిని తేరిపార చూశాడు.

"మహాప్రభూ, చేయి నాదే. ఉంగరం నాదే. తాంబూలం మాత్రం నాది కాదు. ఇంతకు మించి చెప్పుకొంటే నా ముప్పయ్యేళ్ళ కొలువుకే అవమానం. దేవరవారు గోడను నమ్మదలిస్తే నమ్మండి. నా తల పోయినా పరవాలేదు, పడమటి వాకిలికి మాత్రం నమ్మకమైనవాణ్ణి పెట్టండి." అని మాచోజు వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "ఎంత చక్కగా గీశావయ్యా!"

రాజు మరణశిక్ష విధించాడు. ఆ తీర్పును కూడా గోడ మీద గీయవలసినవాడు మాచోజే. పక్కన రంగుల చిప్పలు, నీళ్ళచెంబు పెట్టుకొని తల వంచుకొని గీశాడు. పడమట మబ్బులు కమ్ముకొన్నాయి. ఉరిమాయి. అతను కుంచె ఆపి ఆకాశం వంక చూశాడు. ఒక్క చినుకైనా రాలకుండానే గాలి మబ్బులను తూర్పుకు తోసుకుపోయింది.

తెల్లవారగానే కాచమ నాయకుడి తల తెగింది.

ఆ మధ్యాహ్నం వాన వచ్చింది. జల్లు ఈడ్చి గోడను కొట్టింది. ముందు తమలపాకు పచ్చదనం జారింది, తరువాత వేళ్ళు, తరువాత తెల్లని సున్నం పాయలుగా కారిపోయింది. వాటి అడుగున తిప్పిన చేయి నిలిచి ఉంది. కేతరాజు సింహాసనం దిగి వచ్చి తడిగోడను అరచేత్తో రుద్దాడు. ఆ చేయి చెదరలేదు.

"మాచోజూ, ఏది నిజం?"

"దేవరా, అడుగున ఉన్నదే నేను కళ్ళారా చూసినది."

రాజు గోడకు తల ఆనించి బిగ్గరగా ఏడ్చాడు. అప్పటికే వానచాటున పడమటి వాకిలి తెరిచారు. నాయకుడి చోట అక్కడ కాపుగా నిలిచినవాడు మంత్రి మేనల్లుడు. కేతరాజు కత్తి దూసి నూరుగురితో ఎదురు వెళ్ళాడు. ఆ వాకిటి నడవలోనే ఒరిగాడు. మంత్రిని కూడా వెలుగోనవారు బ్రతకనీయలేదు. ఏలికను అమ్మినవాణ్ణి ఎవరు నమ్ముతారు?

ఈనాడు బొమ్మలు గీసేవారు కాగితాలు పట్టుకొని ఆ శిథిలాలకు వస్తుంటారు. భుజం నుంచి వేలికొన దాకా పోయిన ఆ ఒక్క గీతను నకలు తీసుకొంటూ, ఎంత తెగువ ఈ చేతిది అని మురిసిపోతారు. తెగువ కుంచెకే ఉందని వారికెలా తెలుస్తుంది? ఆ గోడను మెచ్చుకోకుండా చూసిన మనిషి అక్కసాని ఒక్కతే. కోట పడిన నాడే, మంత్రి యిల్లు కూలిన గొడవలో బయటపడి, భర్తను వెతుక్కొంటూ మంటపానికి వచ్చింది. జరిగినదంతా విన్నది.

"తీర్పు నాడు మీ పక్కన నీళ్ళచెంబు ఉందా?"

"ఉంది."

"గోడ అందేంత దూరంలోనేనా?"

"అందేంత దూరంలోనే."

"మరి వాన కోసం ఎందుకు చూశారు?"

మాచోజు తలెత్తలేదు. "నీళ్ళు చల్లితే నిన్ను చంపేవారే, అక్కసానీ."

అక్కసాని కారిపోయిన రంగును వేలితో తాకి చూసింది.

"నన్ను అడగవలసింది," అంది. "చల్లమనే చెప్పేదాన్ని."